లింగం మామ సినిమాలో మా ఇల్లు

వైద్యలింగం గారు బ్రెమెన్ వస్తున్నారని మా అమ్మాయి మైథిలి చెప్పినప్పుడు నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. "మద్రాసులో మీ ఇంటి పైన ఉండేవారని చెప్తుంటావు చూడు, ఆ డైరెక్టర్. ఆయన పాత సినిమా ఇక్కడ వేస్తున్నారు, శనివారం మధ్యాహ్నం షో. ఆయన కూడా వస్తారట" అంది. ఆయన ఇంకా ఉన్నారన్న సంగతే నాకు తెలియదు. మనవరాలు నిలా డ్యూసెల్‌డార్ఫ్‌లో ఐటీ ఉద్యోగం చేస్తోందట, వేసవికి తాతని తన దగ్గరకి తెచ్చుకుందట. పోయిందనుకున్న ఆయన సినిమా ప్రింటు ఒకటి ఎక్కడో భద్రంగా దొరికితే, దాన్ని శుభ్రం చేయించి తమిళ పిల్లలంతా కలిసి శనివారం బ్రెమెన్‌లో, ఆదివారం హానోవర్‌లో వేస్తున్నారట. ఆయన పేరుపొందిన మొదటి సినిమా అదే. మా ఇంటి డాబా మీది గదిలో ఉండగా తీసింది. నేను మాత్రం దాన్ని ఎప్పుడూ చూడలేదు.

మా ఇల్లు సాలిగ్రామంలో ఉండేది. నాన్న ఒక ఫిల్మ్ ల్యాబులో నెగెటివ్ కటింగ్ చేసేవాడు. ఎడిటర్ ఏ ముక్క తర్వాత ఏ ముక్క అని తేల్చాక, కెమెరాలోంచి వచ్చిన అసలు ఫిల్ముని దాని ప్రకారం కోసి అతికించే పని అది. ఆ నెగెటివ్ ఒక్కటే ఉంటుంది. దాని మీద గీత పడితే ఆ షాట్ పోయినట్టే. అందుకే నాన్న చేతులు ఎప్పుడూ జాగ్రత్తగా కదిలేవి, గోళ్లు పొట్టిగా కత్తిరించి ఉండేవి. ఆయన ఇంట్లోకి వస్తే ఆ అతికించే జిగురు వాసన, మాగిన అరటిపండు వాసన లాంటిది, ఆయన కంటే ముందు వచ్చేది. ఇప్పటికీ ఇక్కడి సూపర్ మార్కెట్లో అరటిపళ్ల దగ్గర నిలబడితే నాకు నాన్నే గుర్తొస్తాడు. పారేసే ఫిల్ము ముక్కలు జేబులో వేసుకొచ్చి నాకు ఇచ్చేవాడు. సెలవు మధ్యాహ్నాల్లో భోజనాలయ్యాక నన్ను గది లోపలి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, "వెలుగుకి అడ్డంగా పెట్టుకుని చూడు, లోపల మనుషులు కనిపిస్తారు" అనేవాడు. నా చిన్నతనంలో నాకున్న అతి మంచి జ్ఞాపకం అదే. మైథిలికి నిద్రపుచ్చే కథలా ఎన్నిసార్లో చెప్పాను.

ఆ మధ్యాహ్నాల్లో అమ్మ వీధి మెట్ల మీద కూర్చుని ఉండేది. నాన్న భోజనం దగ్గర గొంతు సవరించుకుని, "కాస్త ఎండ చూసి రా" అంటే అమ్మ లేచి వెళ్లేది. వడియాలకి కాపలా కూర్చోవడానికని నేను అనుకునేదాన్ని. అట్లా అని ఎవరు చెప్పారో తెలియదు. కాకులు ఎత్తుకుపోకుండా అమ్మ అక్కడ కూర్చుందని నా బుర్రలో స్థిరపడిపోయింది. కొంత పెద్దదాన్నయ్యాక మా ఇంట్లో మరో అలవాటు ఉండేది. అమ్మా నాన్నా నేరుగా మాట్లాడుకునేవారు కారు. ఒకే గదిలో ఉన్నా నాన్న నా వైపు చూసి, "మీ అమ్మని కాఫీ అడుగు" అనేవాడు. అమ్మ కాఫీ నా చేతికిచ్చి, "చల్లారకముందే తాగమను" అనేది. నా స్నేహితురాళ్లకి ఈ సంగతి చెప్పి నవ్వించేదాన్ని. పాతకాలపు దంపతుల సిగ్గు అని మా అత్తగారితో కూడా అన్నాను.

డాబా మీది గదిలో ఉండే వైద్యలింగం గారిని నేను లింగం మామ అనేదాన్ని. తంజావూరు వైపు మనిషి. చిన్నప్పుడే నాటకాల కంపెనీలో చేరి, మీసాలు వచ్చేదాకా ఆడవేషాలు కట్టి, ఆ తర్వాత మద్రాసు వచ్చారు. సినిమాల్లో పోస్టుమాన్, కానిస్టేబులు, పెళ్లిలో తాంబూలం అందుకునే పెద్దమనిషి, ఇలాంటి వేషాలు వేస్తూ ఒక డైరెక్టరు దగ్గర అసిస్టెంటుగా ఉండేవారు. మధ్యాహ్నం భోజనం చాలాసార్లు మా ఇంట్లోనే. చారు అన్నంలో పోసుకుంటూ తను తీయబోయే కథ చెప్పేవారు. మద్రాసు తెలుగు ఆయనది. "వదినమ్మా, నీ కందిపొడి తిన్యాక తంజావూరు మర్చిపోతా ఉండా" అనేవారు. అమ్మ ఆయన్ని అన్నయ్యా అనేది. ఆయన వదినమ్మా అంటే, ఈవిడ అన్నయ్యా అనడం ఏం చుట్టరికమని నాన్న ఒకసారి అడిగితే అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు.

సినిమా తీసి పేరు తెచ్చుకున్నాక ఆయన మా ఇంటికి రావడం మానేశారు. పెద్దవాడైపోయాడు, మనమెందుకు గుర్తుంటాం అనుకున్నాం. అంటే నేను అనుకున్నాను. ఆ సినిమాలో ఇంటి యజమాని వేషం ఆయనే వేశారు. అది ఎంత బాగా వచ్చిందంటే, ఆ తర్వాత ఎవరి సినిమాలో క్రూరుడైన తండ్రి కావాలన్నా ఆయన్నే పిలిచేవారు. మధ్యలో తాను కూడా కొన్ని సినిమాలు తీశారు, కొన్ని ఆడాయి, కొన్ని ఆడలేదు. చివరికి టీవీ సీరియళ్లలో కోడళ్లని సాధించే తాతగారిగా కనిపించేవారని విన్నాను. ఈలోగా తెలుగు సినిమా హైదరాబాదు చేరింది, దాని వెంట మేమూ చేరాం. అక్కడే నాన్న పోయాడు, కొన్నేళ్లకి అమ్మ. నేను అంతకు చాలా ముందే విమానాల కంపెనీలో పనిచేసే మా ఆయనతో బ్రెమెన్ వచ్చేశాను.

శనివారం మైథిలి కొడుకుని తను చూసుకుంటానని మా ఆయన ఇంట్లో ఉండిపోయారు. నేనూ మైథిలీ వెళ్లాం. చిన్న హాలు, మన పిల్లలే ఎక్కువ, కొందరు జర్మన్లు. నిలా తాతగారి చేయి పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టింది. కర్ర, తెల్ల పంచె, పైన మనవరాలి దళసరి కోటు. పలకరిద్దామని లేచేలోపే దీపాలు ఆర్పేశారు.

సినిమా మొదలైన కాసేపటికి ఇంటి యజమాని స్నానం చేసి వచ్చాడు. తువ్వాలు దులిపి, మధ్యకి మడిచి, ఎడమ భుజం మీద వేసుకుని, అంచు కిందికి ఒకసారి లాగాడు. అది నాన్న. వేషం వేసినవారు లింగం మామే, ముఖం ఆయనదే, కానీ ఆ చేతులు నాన్నవి. పీట మీద కూర్చుని, అన్నం మెతుకు బొటనవేలితో నొక్కి చూసి, పెదవి ఒక పక్కకి జరిపి, గొంతు సవరించుకున్నాడు. నాకు ఒక క్షణం నవ్వొచ్చింది కూడా. భలే పట్టాడే అనుకుని మైథిలి చెవిలో, "మీ తాతయ్య ఇట్లాగే చేసేవాడు" అన్నాను. అప్పుడు తెర మీది మనిషి తమిళంలో, భార్య వైపు చూడకుండా, "కాస్త ఎండ చూసి రా" అన్నాడు.

ఆమె లేచింది. వీధిలోకి వెళ్లింది. ఆమె వెనకాల అతను తలుపు వేసి గడియ పెట్టాడు. చెప్పులు లోపలే ఉండిపోయాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆమె కాలుతున్న మెట్టు మీద నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారి, చివరికి కొంగు మడిచి కింద వేసుకుని కూర్చుంది. వీధిలో పోయే కూరగాయల మనిషి తల వంచుకుని వెళ్లిపోయాడు. లోపల ఆ ఇంటి యజమాని చిన్న కూతుర్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చేతికి రంగు కాగితాలు ఇచ్చి, వెలుగుకి అడ్డంగా పెట్టుకుని చూడమన్నాడు. పాప ఎర్ర కాగితంలోంచి చూసి నవ్వుతోంది.

నేను కుర్చీ చేయి పట్టుకున్నాను. ఆ మెట్ల మీద వడియాలు లేవు. సినిమాలోనే కాదు, మా ఇంట్లో కూడా. వడియాలు మేం డాబా మీద పెట్టేవాళ్లం. లింగం మామ గది ముందు, పాత చీర పరిచి. ఆ సంగతి నాకు ఎప్పుడూ తెలుసు. తెలిసి కూడా ఇన్నేళ్లు అమ్మని వీధి మెట్ల మీద, లేని వడియాలకి కాపలా కూర్చోబెట్టుకున్నాను. మైథిలి నా ముఖం చూసి, "అమ్మా, బయటికి వెళ్దామా?" అంది. వద్దని తల ఊపాను. మిగతా కథ ఏం జరిగిందో నాకు సరిగ్గా ఎక్కలేదు. చివర్లో మాత్రం, మళ్లీ అదే ఎండ, అదే మెట్టు. ఆమె వీపు కనిపిస్తోంది. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు. ఆమె లేచి లోపలికి వెళ్లకుండా, వట్టి కాళ్లతో వీధిలోకి నడిచి, నడిచి, తెర అంచు దాటిపోయింది. హాలంతా చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఆయన తల ఎత్తలేదు.

హాలు ముందు కాఫీలు అమ్మేచోట నిలా ఆయన్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పిల్లలు ఫోటోలు తీసుకుని వెళ్లేదాకా నేను ఆగాను. ఎదురుగా కూర్చుని, "మామా, సాలిగ్రామంలో కింద ఇంటివాళ్లమ్మాయిని" అన్నాను.

ఆయన చాలాసేపు చూశారు. "కిటికీ కాడ పాపవా" అన్నారు.

"అది మా ఇల్లు. మీరు మా నాన్నని చూపించారు."

"ఔనమ్మా."

"అది నిజంగా జరిగేదా?"

ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, "నీకు తెలవదా" అన్నారు. నేను తెలియదని చెప్పాను. అంతవరకూ నేను అన్నీ తెలిసే వచ్చానని ఆయన అనుకున్నట్టున్నారు. నిలా వైపు తిరిగి తమిళంలో మంచినీళ్లు అడిగి తాగారు. తర్వాత మెల్లగా చెప్పారు. ఉప్పు ఎక్కువైతే, జవాబు ఆలస్యమైతే, ఒక్కోసారి ఏమీ కాకపోయినా, అమ్మ ఆ మెట్ల మీద ఉండేదట. కొట్టడాలు, అరవడాలు లేవట. నాన్న గొంతు కూడా పెద్దది చేసేవాడు కాదట.

"పైనుంచి నేను చూస్తా ఉండేవాణ్ణి. ఒగనాడు నా చెప్పులు కిందికి వేస్తిని. మీ అమ్మ చూసింది. తొడుక్కోలేదు. గోడ పక్కకి జరిపి పెట్టింది, ఎవరూ చూడకుండా."

"మీరు దిగొచ్చి తలుపు కొట్టలేదా?" అని అడిగాను.

"లేదమ్మా. అద్దెకుండేవాణ్ణి. మీ ఇంటి అన్నం తింటా ఉండేవాణ్ణి. దిగలేదు." నేను లేచి వెళ్లిపోదామనుకున్నాను. మైథిలి నా భుజం మీద చేయి వేసి ఉండకపోతే వెళ్లిపోయేదాన్నే.

"మరి మా అమ్మ కథని సినిమా తీసుకోవడానికి అమ్మని అడిగారా?"

"నేను అడగలేదు. ఆమే అడిగింది. కథ చెప్తా ఉంటిని కదా రోజూ. నా కథలో ఆ ఇల్లాలు చివర్లో బావిలో పడి చచ్చిపోతాది. మీ నాన్న ల్యాబుకి పోయినాక మీ అమ్మ అనింది, చచ్చిపోవడం ఎందుకన్నయ్యా, లేచి వెళ్తే చాలదా అని. ఆనాటి నించి కథ నాది కాదు. తువ్వాలు ఎట్లా మడుస్తాడో, మెతుకు ఎట్లా నొక్కుతాడో అంతా ఆమే చేసి చూపించె. నవ్వతా చూపించె. నాకు దడ పుట్టె."

అమ్మ నవ్వుతూ నాన్నలా తువ్వాలు మడిచి చూపించడం నేను ఊహించుకోలేకపోయాను. మా అమ్మ ఎవరినీ అనుకరించి ఎరగదు. పెద్ద గొంతుతో నవ్వి ఎరగదు. నాకు తెలిసిన అమ్మ ఇద్దరి మధ్యా నన్ను నిలబెట్టి మాట్లాడిన మనిషి.

ఆయన కర్ర బల్లకి ఆనించి మళ్లీ చెప్పారు. "ఆ చివరి షాట్ ఉంది కదా. వీపు. అది హీరోయిన్ కాదమ్మా. ఆ అమ్మాయికి మెట్టు మీద కాళ్లు బొబ్బలెక్కి జ్వరం వచ్చేసె. మీ అమ్మ షూటింగ్ కాడికి నాకు అన్నం క్యారియర్ తెచ్చింది ఆ పొద్దు. అదే ఒడ్డూ పొడుగూ. చీర కట్టి కూర్చోబెడితిమి. తలుపు తెరిస్తే లేచి లోపలికి పోవాల, అది నేను రాసింది. లేచి వెళ్లిపోయే మాట నాకు నచ్చినా ధైర్యం లేకపోయె, జనం ఒప్పుకోరని. తలుపు తెరిచిరి. ఆమె లేచింది. ఎదురు దిక్కుకి నడిచింది. నేను కట్ అనలేదు. నోరు రాలేదు. వీధి చివరిదాకా పోయి, అక్కడ నిలబడి, తిరిగొచ్చి, క్యారియర్ గిన్నెలు కడుక్కుని బస్సెక్కి ఇంటికి పోయె. నువ్వు బడి నించి వచ్చే వేళ అని."

నా పక్కన మైథిలి చిన్నగా ఏడవడం వినిపించింది. నాకు ఏడుపు రాలేదు. నా బుర్రలో ఒకే మాట తిరుగుతోంది. ఆ సినిమా నెగెటివ్ ఎవరు కోశారు?

అడిగాను. అది అడుగుతానని ఆయనకి తెలుసు. "మీ నాన్నే. ఆ ల్యాబులో వేరే ఎవరుండారు. మొత్తం సినిమా మీ నాన్న చేతుల మీదుగా పోయె. తనని తాను చూసుకున్యాడు, అతికించినాడు. చివరి రీలు చేతికొచ్చిన దినం సాయంత్రం డాబా మీదికొచ్చినాడు. నేను భయపడితిని. కొడతాడనుకుంటిని. నిలబడి అడిగినాడు, ఆ షాట్ చివర్లో ఎక్కడికి వెళ్తోంది, అని. నాకు తెలవదన్నా అంటిని. సరే అని దిగిపోయినాడు. మరుసటి దినం అతికించేసినాడు. రెండో టేక్ లేదమ్మా దానికి. గోరు తగిలిస్తే చాలు, ఆ షాట్ ఉండదు. నా బతుకూ ఉండదు. తగిలించలేదు."

"తర్వాత?"

"తర్వాత ఆ తలుపు వేయడం నేను చూడలేదు. నేను గది ఖాళీ చేసే దాకా చూడలేదు. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం కూడా వినలేదు." ఆయన కళ్లు తుడుచుకుని, "ఆనాటి నించి బతుకంతా మీ నాన్ననే నటించి అన్నం తింటిని. వీధిలో పిల్లకాయలు నన్ను చూసి పారిపోయేవాళ్లు. నా పెండ్లాం కూడా ఒగసారి అనింది, ఇంట్లో గొంతు సవరించుకోవద్దయ్యా అని" అన్నారు. నిలా వచ్చి, సోమవారం పొద్దున్నే కళ్ల డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఉందని, తాత రేపు హానోవర్‌కి రాకుండా నేరుగా ఇంటికి వెళ్లిపోతున్నారని చెప్పింది. ఆయన లేస్తూ నా తల మీద చేయి పెట్టబోయి, ఆపేసి, నమస్కారం పెట్టారు. నేనూ పెట్టాను. క్షమించానో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

కారులో మైథిలి, "తాతయ్య నాకు వేసవి సెలవుల్లో రోజూ మామిడిపండు ముక్కలు కోసి పెట్టేవాడు. అంత నీట్‌గా కోసేవాడు. ఇప్పుడు నేను ఆ తాతయ్యని ఏం చేయాలమ్మా?" అంది. బ్రెమెన్‌లో మా పై అంతస్తు జర్మన్ ముసలామె, ఆదివారం నాడు నేను రోట్లో ఏదైనా దంచితే, సెలవు రోజు చప్పుడు చేయకూడదని వచ్చి బెల్లు కొడుతుంది. మొదట్లో ఆమె మీద నాకు ఎంత కోపమో. సాలిగ్రామంలో ఆ వీధిలో మా గోడకి అటూ ఇటూ ఎంతమంది, అందరూ మంచివాళ్లు, పండగలకి పిండివంటలు పంపుకునేవాళ్లు, ఒక్కరూ బెల్లు కొట్టలేదు. మైథిలి మొగుడు పసిపిల్లవాడి కోసం సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని, వాణ్ణి కిటాకి, అదే పసిపిల్లల బడికి, దింపి తెచ్చుకుంటుంటే కాలం ఎంత మారిందో అని మురిసిపోయేదాన్ని. నిజానికి మారకముందు ఏముందో నేను చూసి ఉంటేగా. ఇద్దరి మధ్యా మాటలు మోసిన పిల్లని నేను, ఏం మోస్తున్నానో తెలియకుండా మోశాను. నాన్న ఆ ఒక్క షాట్ చెడగొట్టకుండా వదిలేసినందుకు ఆయన్ని ప్రేమించాలా, అంతకుముందరి మధ్యాహ్నాలకి ఆయన్ని ద్వేషించాలా అన్నది రాత్రి అన్నం దగ్గర కూడా తేలలేదు. మా ఆయన విని, "మీ నాన్నగారా?" అని కంచం పక్కకి జరిపారు.

మర్నాడు పొద్దున్నే హానోవర్ రైలెక్కాను. మైథిలి తోడు వస్తానంది, వద్దన్నాను. సినిమా మొత్తం మళ్లీ చూడాలని కాదు. మా ఇంట్లో అమ్మ ఫోటోలు మూడో నాలుగో ఉన్నాయి, అన్నింటిలోనూ బిగుసుకుని నిలబడి ఉంటుంది. వయసులో ఉన్న అమ్మ కదలడం చూపించేది ఈ లోకంలో ఆ ఒక్క ముక్కే.

హాలులో చివరి వరసలో కూర్చున్నాను. తువ్వాలు మడుస్తున్నప్పుడు కళ్లు మూసుకోలేదు. తలుపు వేస్తున్నప్పుడు మూసుకోలేదు. చివరి షాట్ వచ్చింది. ఈసారి ఆ వీపుని గుర్తుపట్టాను. ఎడమ భుజం కొంచెం కిందికి ఉంటుంది అమ్మకి, చంకలో ఎప్పుడూ నన్నెత్తుకునేదట అటువైపు. మెడ మీద జారిన ముడి. తలుపు చప్పుడైంది. అమ్మ లేచింది. వీధి ఎండలోకి నడిచింది, తొందర లేకుండా, దేనికో ఆలస్యమవుతుందన్న బెంగ లేకుండా, చేతులు ఊపుకుంటూ. అమ్మ అట్లా చేతులు ఊపుకుంటూ నడవడం నేను ఎన్నడూ చూడలేదు. ఆమె చేతుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. నా పక్కన కూర్చున్న కుర్రాడు, గుంటూరు వైపు పిల్లాడిలా ఉన్నాడు, "ఆంటీ, ఆ నడిచేది ఎవరండి, హీరోయిన్‌లా లేదు" అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా.

"మా అమ్మ" అన్నాను.